దాచిన పెట్టెలు గుట్టలెక్కాలి



జియోక్యాషింగ్ అనే ఆట ఒకటుంది. ఆ ఆట ఆడేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు, అమెరికా నుంచి సంక్రాంతికో పెళ్ళికో ఊరికి వచ్చేవాళ్ళు ఈ ఆటను ఎంతో ఇష్టంగా ఆడతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల తరఫున వాళ్ళకొక విన్నపం చేద్దామని ఈ ప్రసంగం. వాళ్ళ ఆట మన గుట్టల మీదికి, నల్లమల చల్లదనం దగ్గరికి రావాలి. ఎలా వస్తే మంచిది, ఎలా వస్తే చెడ్డది అన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు ఆట సంగతి. ఒకరు చిన్న డబ్బా తీసుకుని అందులో నోటుపుస్తకం, పెన్సిలు, రెండు మూడు చిన్న వస్తువులు పెడతారు. దాన్ని ఆరుబయట ఒకచోట కంటపడకుండా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను నలుగురికీ తెలియజేస్తారు. మిగతావాళ్ళు ఫోన్‌లోనో, జీపీఎస్ యంత్రంలోనో ఆ అంకెలు వేసుకుని బయల్దేరతారు. యంత్రం వాళ్ళను దగ్గర దాకా తీసుకెళ్తుంది. చివరి పది అడుగులు మాత్రం కళ్ళతోనే వెతుక్కోవాలి. దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి వస్తారు. లోపలి వస్తువు ఒకటి తీసుకుంటే దానికి తగ్గది ఇంకొకటి పెట్టాలి. డబ్బు రాదు, బహుమతి ఉండదు. వెతుక్కుంటూ ఒక కొత్త చోటికి వెళ్ళడమే ఇందులో సంపాదన.

ఈ ఆట ఎలా పుట్టిందో తెలిస్తే ఇది ఎంత కొత్తదో అర్థమవుతుంది. జీపీఎస్ అమెరికా సైన్యం కట్టుకున్న ఉపగ్రహ వ్యవస్థ. మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. దానివల్ల మనిషి నిలబడిన చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. 2000 మే 1న అమెరికా ప్రభుత్వం ఆ కల్తీని ఆపేసింది. రెండు రోజులు గడిచాయో లేదో, మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌లో పుస్తకం, పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు వేసి అడవి దగ్గర పెట్టాడు. అంకెలు బయటపెట్టి, ఎవరైనా వెతకగలరేమో చూడమన్నాడు. రోజుల్లోనే దొరికింది. ఆ నెలాఖరుకు మాట్ స్టమ్ అనే ఆయన ఆటకు పేరు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచంలో ఇలా దాచిన చోట్లు 30 లక్షలకు పైనే ఉన్నాయి. యూరప్‌లో, అమెరికాలో ఏ చిన్న ఊరి చుట్టూ చూసినా పదుల సంఖ్యలో కనిపిస్తాయి.

మన దేశంలో ఈ ఆట ఇంకా పలుచగానే ఉంది. ఉన్నవాటిలో ఎక్కువ పెద్ద నగరాల చుట్టూ, పేరుమోసిన కట్టడాల పక్కన ఉన్నాయి. కారణం తెలిసిందే. దాచేవాళ్ళు నగరంలో ఉంటారు, వెతికేవాళ్ళు విమానాశ్రయం నుంచి దిగుతారు. కానీ మార్చి మూడోవారం దాటాక మన మైదానంలో పగటిపూట ఎవరైనా ఏమైనా వెతకగలరా? గద్వాల కోట దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకు రాయి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కృష్ణ ఒడ్డున బీచుపల్లి దగ్గరా ఇసుక మీద కాలు పెట్టలేం. వనపర్తి వైపు నల్లబండల మధ్య పొద్దుగూకినా సెగ తగ్గదు. పగలంతా తాగిన ఎండను ఆ బండలు రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటాయి. అలాంటి చోట ఇనుప డబ్బా పెడితే వెతికేవాడికి వడదెబ్బ, డబ్బాలోని పుస్తకానికి పెళుసుదనం. ఏడాదిలో సగం రోజులు ఎండకు భయపడి ఎవరూ రారు. మరి ఆట ఎక్కడ బతుకుతుంది?

గుట్ట మీద బతుకుతుంది. దీనికి లెక్క కూడా ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. గద్వాల సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. నల్లమల పైభాగం ఏడెనిమిది వందల మీటర్ల దాకా పోతుంది. అంటే ఎత్తు ఒక్కటే మనకు దాదాపు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. మూడు డిగ్రీలేనా అనుకోకండి. ఎండ నలభై మూడు ఉన్న రోజున నలభైలో నడవడం వేరు. దానికి తోడు కొండ నీడ, లొద్ది అనే లోతు లోయలో ఊరే నీళ్ళు, రాత్రిళ్ళు తొందరగా చల్లబడే నేల. నిజాం ప్రభువులు నల్లమలలోని ఫరహాబాద్‌లో వేట బంగళా కట్టించుకున్నది ఊరికే కాదు. దాని శిథిలాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నల్లమలను ఊటీ అని చెప్పి ఎవరినైనా మేలో తీసుకొస్తే వాళ్ళు మనల్ని నమ్మడం మానేస్తారు. మనది ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తునికి, బిల్లుడు అన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి మోడుగా నిలబడతాయి. ఆ రాలిన ఆకు చిటపటలాడుతూ ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు, ఎకరాల కొద్దీ తగలబడటానికి. వేసవి నాలుగు నెలలూ అటవీ సిబ్బందికి, చెంచు పెంటల, అంటే గూడేల వాళ్ళకు మంటలార్పడమే పని. అందుకని నల్లమల చల్లగా ఉంటుందన్నప్పుడు నా మాట రెండింటి గురించి. ఒకటి వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు నుంచి జనవరి చివరి దాకా ఉండే కాలం. రెండోది ఏడాది పొడవునా చల్లగా ఉండే కొన్ని చోట్లు. గుట్ట పక్కన రాయి గొడుగు పట్టిన చోట్లు, ఎండ నేరుగా పడని లొద్దులు. ఆటగాళ్ళు ఈ రెండింటినీ మనసులో పెట్టుకుని చోటు ఎంచుకోవాలి.

అలాంటి చోటొకటి దగ్గరగా చూద్దాం. అచ్చంపేట నుంచి శ్రీశైలం దారిలో కొంచెం పోతే రంగాపూర్ వస్తుంది. అక్కడ గుట్ట కింద భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. కారులో పది నిమిషాల్లో ఎక్కేయొచ్చు. కానీ నడిచి ఎక్కినవాళ్ళకే తేడా తెలుస్తుంది. కింద చెమటతో తడిసిన చొక్కా పైకి వచ్చేసరికి ఒంటికి చల్లగా అతుక్కుంటుంది. గుడి గుట్ట కొనమీద లేదు. పెద్ద రాతి గోడ ముందుకు వంగి, కింద గుహలాంటి చోటు వదిలింది. గుడి ఆ రాయి నీడలో ఉంది. గుడి దాటి రాతి గోడ పక్కనే సన్నటి బాటలో వెళ్తే పాపనాశనం వస్తుంది. ఒకవైపు తల మీదికి ఒరిగిన బండ, ఇంకోవైపు చెట్ల తలలు కనిపించే లోయ. ఆ బండ సందుల్లోంచి నీళ్ళు ఊరి గుండంలోకి దిగుతుంటాయి. రాయి మీద చెయ్యి ఆనిస్తే మే నెలలోనూ చల్లగానే తగులుతుంది. సూర్యుడు ఆ గోడకు నేరుగా తగిలే గంటలు చాలా తక్కువ. చుట్టుపక్కల జనం దీన్ని పేదల ఊటీ అంటారు. పనికి పోయి బస్సు చార్జీలు మిగుల్చుకున్న కుటుంబం పిల్లలతో ఒకరోజు వెళ్ళి రాగల చల్లని చోటు ఇది. ఆ పేరులో నాకు గౌరవం కనిపిస్తుంది.

అయితే అక్కడ డబ్బా దాచమంటున్నానా? లేదు. ఎందుకో చెప్తాను.

మొదటి కారణం చట్టం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఇదొకటి. 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యంగా మొదలై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో వేరే అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు. రోడ్డు దిగి పొదల్లోకి నడవడం, చెట్టు తొర్రలో డబ్బా పెట్టడం, దాన్ని వెతకడానికి పదిమంది పది దారులు తొక్కడం, ఇవేవీ కుదరవు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఆరు దాకా వాహనాలు ఆపేస్తారు. ఆ చీకట్లో రోడ్డు జంతువులది. మనిషి పక్కకు తప్పుకోవడమే మర్యాద. బండ సందుల్లో చేతులు పెట్టి వెతకడం ఎలుగుబంటి, తేలు, పాము ఉన్న అడవిలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కోతులు, కొండముచ్చుల సంగతి సరేసరి. మెరిసే డబ్బా కనిపిస్తే అవి మూత తీయకుండా వదలవు.

రెండో కారణం బయటివాళ్ళకు తట్టదు. ఈ ఆటను ఒరెగాన్‌లో పుట్టినట్టే ఇక్కడ పరిస్తే ఏమవుతుంది? అడవిలోనో పాత కోటలోనో ఒక మనిషి ఫోన్ చూసుకుంటూ, రాళ్ళ కింద తడుముతూ కనిపించాడనుకుందాం. మన ఊళ్ళలో జనానికి మొదట వచ్చే అనుమానం గుప్తనిధులు. ఈ మూడు జిల్లాల్లో పాత గుళ్ళు, కోటలు, గట్లు తవ్విన దొంగల కథలు ప్రతి ఊరికీ తెలుసు. నంది విగ్రహాన్ని పెళ్ళగించిన చోట్లున్నాయి, పీఠం కింద గొయ్యి తీసిన చోట్లున్నాయి. ఇక నల్లమల లోపలైతే ఇంకొక జ్ఞాపకం. నక్సలైట్ల ఉద్యమం సాగిన రోజుల్లో అడవిలో దాచిన డబ్బా అంటే ఆయుధాల డంప్. టిఫిన్ డబ్బా అంటే బాంబు. ఆ రోజులు పోయి చాలా ఏళ్ళయినా, అటు నక్సలైట్లకూ ఇటు పోలీసులకూ మధ్య నలిగిపోయిన పెంటల్లో ఆ భయం ఇంకా ఆరలేదు. తెలియని మనిషి దాచిన డబ్బా దొరికితే చెంచు పిల్లవాడు సరదాగా తెరుస్తాడనుకోవడం పట్నం ఊహ. వాడి తాత వాడిని వెనక్కి లాగుతాడు. పోలీసులకు కబురు పోతుంది. ఆ తరువాత అడిగే ప్రశ్నలన్నీ ఆ పెంట వాళ్ళకే వస్తాయి, డబ్బా పెట్టినవాడికి కాదు.

కాబట్టి అడవి లోపల డబ్బా వద్దు. అభయారణ్యం గేటు అవతల ఏ డబ్బా వద్దు. నేను దీన్ని గట్టిగా చెప్తున్నాను. చల్లని కొండ చోట్లకు ఆటను తేవడమంటే ఆ చోట్లను పాడుచేసే హక్కు పొందడం కాదు.

మరి ఎలా? ఆటలోనే దారి ఉంది. డబ్బా లేని రకం ఒకటుంది, దాన్ని ఎర్త్‌క్యాష్ అంటారు. 2004లో మొదలైంది. అందులో ఏదీ దాచరు. భూమి నిర్మాణంలో చూడదగిన ఒక విశేషం ఉన్న చోటి అంకెలు ఇస్తారు. వచ్చినవాళ్ళు ఆ రాయిని, ఆ పొరను, ఆ నీటి ఊటను దగ్గరగా చూసి కొన్ని ప్రశ్నలకు జవాబు రాసి పంపాలి. ఆ స్థలం చూసుకునే వాళ్ళ అనుమతి తీసుకోవాలి. వివరణ స్థానిక భాషలో కూడా ఉండాలన్నది దాని నియమం. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది. అంటే నల్లమల రాళ్ళ గురించి ఎవరైనా ఎర్త్‌క్యాష్ పెడితే తెలుగులో రాయాల్సిందే. అచ్చంపేట హైస్కూలు పిల్ల చదివి అర్థం చేసుకోగలిగేలా రాయాల్సిందే.

రాయడానికి ఏముంది అంటారా? ఎంతో ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ మైదానంలో మనం చూసే గుండ్రటి బండలు, గుట్టలు గ్రానైటు. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అచ్చంపేట దాటి నల్లమల అంచుకు రాగానే గుట్టల రూపం మారిపోతుంది. పైభాగం కోసినట్టు చదునుగా, పక్కలు గోడలా నిటారుగా ఉంటాయి. అది శ్రీశైలం క్వార్ట్‌జైటు. ఒకప్పుడు నీటి ఒడ్డున పరుచుకున్న ఇసుక గట్టిపడి రాయి అయింది. అది గ్రానైటు మీద పొరలు పొరలుగా పడుకుని ఉంది. ఆ రెండు రాళ్ళ మధ్య కొన్ని వందల మిలియన్ల ఏళ్ళ ఖాళీ ఉంది. కింద రాయి ఏర్పడి, అరిగి, చదునై, తరువాతెప్పుడో ఇసుక వచ్చి పడింది. ఆ సందు గీత కనిపించే చోట నిలబడి కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి పెడితే ఆ కాలమంతా మన రెండు అరచేతుల మధ్య ఉన్నట్టే. వాన నీళ్ళు పై రాయి పగుళ్ళలోంచి దిగి, అడ్డు తగిలిన చోట పక్కకు ఊరుతాయి. లొద్దుల్లో ఊటలు పుట్టడానికీ, మల్లెల తీర్థం, సలేశ్వరం లాంటి చోట్ల చల్లదనం నిలవడానికీ ఈ రాళ్ళ అమరికతో సంబంధం ఉంది. చల్లదనం ఎందుకుందో ఆ చోటే చెప్పే పాఠం ఇది. పిల్లలకు దీన్ని పుస్తకంలో చెప్తే బట్టీ పడతారు, అక్కడ నిలబెట్టి చూపిస్తే మరిచిపోరు.

ఇదే రాళ్ళ సంధిలో యురేనియం వెతకాలని ప్రయత్నాలు జరిగాయి. 2019లో నల్లమలలో యురేనియం సర్వే మాట వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర, మన్ననూరు వాళ్ళు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు వాళ్ళు కాపాడిన కొండ ఎలాంటిదో బయటివాళ్ళకు తెలియాలంటే వాళ్ళు వచ్చి చూడాలి. మర్యాదగా వచ్చి చూసే జనం ఎంత ఎక్కువైతే ఆ కొండకు అండ అంత ఎక్కువ. నేను ఈ ఆటను పిలుస్తున్నది ముఖ్యంగా అందుకే.

డబ్బా కావాల్సిందే అనేవాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. మజిలీల ఆట. మొదటి చోట డబ్బా ఉండదు. అక్కడ ఒక సంగతి చూసి లెక్కపెట్టాలి. మండపంలో స్తంభాలెన్ని, మెట్లెన్ని, బోర్డు మీద సంవత్సరం ఏది, అలాంటివి. ఆ అంకెలతో తరువాతి చోటు అక్షాంశం తేలుతుంది. చివరి మజిలీలోనే డబ్బా. ఈ పద్ధతి మన మూడు జిల్లాలకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. శ్రీశైలం పడమటి ద్వారం అలంపురం గద్వాల జిల్లాలో ఉంది. ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. మధ్యలో వనపర్తి జిల్లా. ఆట అలంపురంలో మొదలుపెట్టండి. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి. తెల్లవారి ఎండ ముదరకముందే అక్కడి ప్రశ్న తేల్చుకోండి. రెండో మజిలీ ఖిల్లాఘనపురం. గోన వంశం వాళ్ళ కోట అది. గుట్ట కింద గణపసముద్రం చెరువు, పైన బండలో తొలిచిన నీటి గుండాలు. చలికాలం సాయంత్రం కోట పైన వీచే గాలికి మెడకు రుమాలు చుట్టుకోవాల్సిందే. అక్కడా డబ్బా వద్దు. కోట గోడలో ఒక్క రాయి కదిలినా అది మనవల్ల పోయిన రాయి. చూడండి, లెక్కపెట్టండి, దిగండి. మూడో మజిలీ ఉమామహేశ్వరం. పైన నీడలో ప్రశ్న, కింద రంగాపూర్‌లోనో అచ్చంపేటలోనో డబ్బా. ఏ బడి ఆవరణలోనో, గ్రంథాలయంలోనో, మీరు అడిగి ఒప్పించుకున్న కిరాణా కొట్టులోనో పెట్టండి. వెతికి వచ్చినవాడు కొట్టాయనను పలకరిస్తాడు, టీ తాగుతాడు, నాలుగు పల్లీపట్టీలు కొనుక్కుపోతాడు. అది కూడా ఆటలో భాగమే.

గద్వాలలో ఎత్తు గుట్టలు లేవు, ఆ మాట దాచనక్కర్లేదు. అక్కడి ఆటగాళ్ళు తూర్పుకు రావాలి. కొల్లాపూర్ వాళ్ళకు సోమశిల ఉంది, కృష్ణ వెనుకజలాల అవతల నల్లమల నీలంగా కనిపిస్తుంది. వనపర్తి వాళ్ళకు తిరుమలయ్య గుట్ట ఉంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక ప్రభుత్వం వాళ్ళు అనుమతించిన వ్యూ పాయింట్లు ఉన్నాయి. దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి కృష్ణ కొండల మధ్య చేతులు చాపినట్టు కనిపిస్తుంది. రోడ్డు పక్కనే, రెయిలింగ్ లోపలే ఉండి చూడగల చోట్లు ఇవి. డబ్బా లేని ప్రశ్నలకు ఇంతకంటే మంచి చోట్లుండవు. అయితే వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారని గుర్తుంచుకోండి.

సలేశ్వరం గురించి ప్రత్యేకంగా ఒక మాట. ఏటా చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు. ఆ లొద్దిలోకి దిగుతూ వేలమంది "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తారు, ఎక్కుతూ "పోయొస్తం లింగమయ్యా" అంటారు. అక్కడ పూజ చేసేది చెంచులు. ఆ రోజుల్లోని తొక్కిసలాటలో, ఇరుకు దారిలో ఆట మాటే ఎత్తకండి. మిగతా ఏడాదంతా ఆ చోటు జంతువులకూ చెంచులకూ వదిలేయండి. చల్లగా ఉందని ప్రతి చోటికీ మనం వెళ్ళాల్సిన పని లేదు.

చెంచుల మాట వచ్చింది కనుక చెప్తున్నాను. అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ళ బతుకును 1940ల్లోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వచ్చి చూసి పెద్ద పుస్తకం రాశాడు. ఆ తరువాత ఎంతమంది వచ్చారో, ఎంత రాసుకుపోయారో. వాళ్ళ పెంటల్లోకి ఆట పేరుతో మళ్ళీ ఒక గుంపు దిగకూడదు. వాళ్ళు గైడ్లుగా ఉన్న చోట, అటవీ శాఖ ఏర్పాటు చేసిన దారిలో, వాళ్ళకు కూలీ దక్కేలా వెళ్ళండి. మీ యంత్రం చూపించే దారి కంటే చెంచు పిల్లవాడు చూపించే దారి నమ్మండి. తేనె కోసం తాడు కట్టుకుని కొండ అంచున వేలాడే మనుషులకు ఆ రాళ్ళ గురించి తెలిసింది ఏ ఉపగ్రహానికీ తెలియదు.

అమెరికా నుంచి వచ్చే మన పిల్లలకు రెండు సంగతులు. సెలవుల్లో వచ్చి డబ్బా పెట్టి వెళ్ళిపోతే ఆ ఆట నియమాలే ఒప్పుకోవు. పెట్టిన డబ్బాను చూసుకునే మనిషి దగ్గర్లో ఉండాలి. పుస్తకం తడిస్తే మార్చాలి, డబ్బా పగిలితే తీసెయ్యాలి. కనుక ఊళ్ళో మీ మేనల్లుడినో, చదువుకుంటున్న తమ్ముడినో జతచేసుకోండి. పేరు మీదైనా, బాధ్యత వాడికి అప్పగించండి. వాడు నేర్చుకుంటాడు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1,850 మీటర్లని, ఆ నిమిషంలో వెయ్యో వంతు రెండు మీటర్లకు తక్కువని వాడికి చేతిలో ఫోన్ పెట్టి చూపించండి, ఆ లెక్క వాడికి జన్మంతా గుర్తుంటుంది. రెండోది, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చేతి యంత్రాలు అమెరికా కొండల్లో మామూలే కావచ్చు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాటిని తేవడం నేరం. విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. అవి ఇంట్లోనే వదిలి రండి.

డబ్బా పెట్టే ప్రతిచోటా ఊరివాళ్ళకు ముందు చెప్పండి. పంచాయతీ ఆఫీసుకు పోయి చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వండి. "ఏం దాస్తున్రు బిడ్డా?" అని పెద్దాయన అడిగితే, "దాస్తలేం పెద్దయ్యా, మా దోస్తులు వెతుక్కునే ఆట, చూడు" అని మూత తీసి చూపించండి. లోపలి దాన్ని చూపించలేని డబ్బా ఊళ్ళో పెట్టకూడదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి, ఇది ఆట పెట్టె, ఇందులో విలువైనదేమీ లేదు, ప్రమాదకరమైనదేమీ లేదు అని. కింద మీ ఫోన్ నంబరు వేయండి. పారదర్శకమైన డబ్బా అయితే ఇంకా మేలు. భూమి తవ్వి పాతడం ఈ ఆటలో మామూలుగా ఒప్పుకోరు. మన దగ్గర గుప్తనిధుల దొంగలకూ మీకూ తేడా తెలిసేది ఆ ఒక్క నియమంతోనే.

చెత్త సంగతి కూడా వినండి. ఆటకు వెళ్ళినప్పుడల్లా ఒక సంచి వెంట తీసుకెళ్ళి దారిలో కనిపించిన చెత్త ఏరుకు రావడం ఈ ఆటగాళ్ళలో 2002 నుంచి ఉన్న అలవాటు. శ్రీశైలం రోడ్డు పక్కన కార్లలోంచి విసిరేసిన నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, వాటి కోసం రోడ్డెక్కే కోతులు, ఆ కోతులు చక్రాల కింద పడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఉమామహేశ్వరం మెట్ల మీద కూడా అదే. మీరు పది డబ్బాలు దాచకపోయినా ఫరవాలేదు, పది సంచులు కిందికి దించితే ఈ జిల్లాలు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాయి.

వచ్చే అక్టోబరులో వానలు తగ్గి, గడ్డి ఇంకా పచ్చగా ఉండగానే మొదలుపెట్టండి. డబ్బా కొనడానికి ముందు కాగితం తీసుకుని అచ్చంపేట అటవీ అధికారికి, ఉమామహేశ్వరం దేవస్థానానికి ఒక అర్జీ రాయండి. తెలుగులో రాయండి. ఏం చేయబోతున్నారో, ఎక్కడ నిలబడతారో, ఏమీ దాచబోవడం లేదని స్పష్టంగా రాయండి. అనుమతి వచ్చాకే అంకెలు బయటపెట్టండి, రాకపోతే రంగాపూర్ దాకా వచ్చి కింద నుంచే గుట్టను చూసి వెళ్ళండి. ఉపాధ్యాయులు ఎవరైనా వింటుంటే, మీ తొమ్మిదో తరగతి పిల్లలతో మొదటి ఎర్త్‌క్యాష్ ప్రశ్నలు మీరే తయారు చేయండి. నల్లమల రాయి గురించి ప్రపంచానికి మొదటి ప్రశ్న వేసేది మన పిల్లలే కావాలని నా కోరిక.